వీడియో టేపు నుండి డీవీడీకి: దువ్వెన గీతలు ఎందుకు వస్తాయి, వాటిని ఎలా సరిచేయాలి

తరతరాలుగా ఇతర రాష్ట్రాల నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో, బీరువా పై అరలోనో ఇనుప పెట్టె అడుగునో, కొన్ని వీడియో కేసెట్టులు నేటికీ భద్రంగా ఉన్నాయి. అవి పెళ్ళిళ్ళవి, గృహప్రవేశాలవి, షష్టిపూర్తులవి, ఊరి జాతరలవి. వాటిలో ఉన్నవారిలో చాలామంది ఈనాడు లేరు. వారు మాట్లాడిన తెలుగు కూడా, హోసూరు పల్లెల యాస కానీ, బరంపురం ఇళ్ళ పలుకుబడి కానీ, షోలాపూరు మగ్గాల వీధుల మాట కానీ, మనుమల తరానికి పూర్తిగా అందలేదు. ముఖమూ గొంతూ మాటా ఒక్కచోట నిలిచి ఉన్నది ఆ టేపులోనే.

అయితే ఆ టేపులకు ఆయుష్షు పరిమితం. వాటిని ఆడించే యంత్రాలకు అది ఇంకా పరిమితం. గృహవినియోగ వీసీఆర్‌లను చివరివరకు తయారు చేసిన జపాను సంస్థ ఫునాయి 2016 జూలైలో ఆ తయారీని నిలిపివేసింది. అందువల్ల టేపులను డీవీడీలోనికి మార్పించుకోవడం వాయిదా వేయదగిన పని కాదు. పని తొందరలో జరిగినప్పుడు ఒక లోపం తరచుగా ఎదురవుతుంది. కదిలే మనుషుల అంచుల వెంట దువ్వెన పళ్ళవంటి అడ్డగీతలు కనిపిస్తాయి. కొన్ని సందర్భాలలో అది లోపమే కాదు. మరికొన్నింటిలో సులభంగా సరిచేయవచ్చు. ఇంకొన్నింటిలో మళ్ళీ టేపు వద్దకు వెళ్ళడం తప్ప దారి లేదు. ఈ మూడింటి మధ్య భేదం తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

పదాలను గురించి ఒక మాట. ఈ విషయంలోని సాంకేతిక పదాలు కంప్యూటరు మెనూలలో ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. పాఠకులు వాటిని తెరపై గుర్తుపట్టవలసి ఉంటుంది కనుక, ఆ పేర్లనే తెలుగు లిపిలో ఇచ్చి, అర్థాన్ని పక్కనే వివరించడమైనది.

1. ఇంటర్‌లేసింగ్ అంటే ఏమిటి?

ఇంటర్‌లేసింగ్ అంటే పెనవేయడం. మగ్గం ఎరిగిన కుటుంబాలకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. సాదా నేతలో ఒకసారి బేసి వరుస పడుగు దారాలు పైకి లేస్తాయి, పేక సాగుతుంది. మరుసారి సరి వరుస దారాలు లేస్తాయి, పేక మళ్ళీ సాగుతుంది. రెండూ కలిస్తేనే బట్ట. పాత టెలివిజన్ బొమ్మ కూడా ఇటువంటిదే. మొదట 1, 3, 5, 7 అనే బేసి గీతలు తెరపై పడతాయి. తరువాత 2, 4, 6, 8 అనే సరి గీతలు వాటి మధ్య ఖాళీలను నింపుతాయి. ఈ సగం బొమ్మను ఫీల్డు అంటారు. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేము, అనగా ఒక పూర్తి బొమ్మ.

మన దేశంలో టెలివిజన్ రంగుల ప్రసారం 1982లో పాల్ పద్ధతిలో మొదలైంది. ఇక్కడ అమ్మిన కామ్‌కార్డర్లు, వీసీఆర్లు సాధారణంగా ఆ పద్ధతికి చెందినవే. పాల్‌లో మొత్తం 625 గీతలు ఉంటాయి. అందులో బొమ్మను మోసేవి 576. సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు. ఒక్కొక్క ఫీల్డులో 288 గీతలు. అమెరికా, జపాను దేశాల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో మొత్తం 525 గీతలు, డిజిటల్ వీడియోలో బొమ్మకు 480 గీతలు, సెకనుకు సుమారు 29.97 ఫ్రేములు.

ఈ ఏర్పాటుకు కారణం పొదుపు. సెకనుకు 25 సార్లు మాత్రమే తెర వెలిగితే కంటికి మినుకుమినుకుమని తెలుస్తుంది. సెకనుకు 50 పూర్తి బొమ్మలు పంపాలంటే ప్రసారానికి రెట్టింపు స్థలం కావాలి. సగం బొమ్మలను 50 సార్లు పంపితే మినుకు తగ్గుతుంది, కదలిక నునుపుగా ఉంటుంది, స్థలమూ పెరగదు. 1936లో బీబీసీ లండనులో ఆరంభించిన 405 గీతల ప్రసారం నాటికే ఈ ఉపాయం వాడుకలోకి వచ్చింది.

ఇందులో గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం ఒక్కటి. కామ్‌కార్డరు ఒక పూర్తి బొమ్మను తీసి దానిని రెండుగా చీల్చదు. బేసి గీతలను ఒక క్షణంలో, సరి గీతలను సెకనులో యాభయ్యో వంతు తరువాత తీస్తుంది. అనగా ఒక ఫ్రేములోని రెండు ఫీల్డులు రెండు వేర్వేరు క్షణాలకు చెందినవి.

2. దువ్వెన గీతలు ఎలా పుడతాయి?

తలంబ్రాల ఘట్టాన్ని తీసుకుందాం. వధువు చేయి సెకనుకు 2 మీటర్ల వేగంతో కదులుతున్నదనుకోండి. సెకనులో యాభయ్యో వంతులో అది 4 సెంటీమీటర్లు జరుగుతుంది. తెర అడ్డంగా 2 మీటర్ల దృశ్యాన్ని చూపుతుంటే, ఆ వెడల్పు 720 బిందువులలో ఇమిడి ఉంటుంది కనుక, 4 సెంటీమీటర్లంటే సుమారు 14 బిందువులు. అంటే బేసి గీతలలోని చేయికీ సరి గీతలలోని చేయికీ మధ్య 14 బిందువుల ఎడం ఉంటుంది.

పాత గాజుగొట్టం టీవీలో ఈ ఎడం కనిపించదు. అది బేసి గీతలను చూపి, అవి మసకబారిన తరువాత సరి గీతలను చూపుతుంది. చేయి సహజంగా కదిలినట్లే ఉంటుంది. కంప్యూటరు తెర, ఫోను తెర, ఎల్‌సీడీ టీవీ తెర అన్ని గీతలనూ ఒక్కసారే వెలిగిస్తాయి. రెండు క్షణాల చేతులను ఒకే క్షణంలో ఒకదానిలో ఒకటి చొప్పించి చూపినట్లవుతుంది. చేతి అంచు దువ్వెన పళ్ళవలె విడిపోతుంది. కదలని మండపపు స్తంభం మాత్రం చక్కగా నిలుస్తుంది. ఎందుకంటే రెండు క్షణాలలోనూ అది అదే చోట ఉన్నది.

కదిలే వస్తువుల వద్దనే గీతలుండి, కదలని వాటి వద్ద లేకపోతే అది ఇంటర్‌లేసింగ్ లక్షణం. కదలని స్తంభమూ, ద్వారబంధమూ కూడా పక్కలకు అలలవలె వణుకుతుంటే అది వేరే వ్యాధి. టేపు నుండి వచ్చే సంకేతంలో గీతల ఆరంభకాలం చెదరడం వల్ల అది కలుగుతుంది. దానికి టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం అవసరం. కంప్యూటరులో ఎంత డీఇంటర్‌లేస్ చేసినా ఆ వణుకు పోదు. తెరపై తెల్లని చుక్కలు, చారలు మెరుస్తుంటే టేపు అరుగుదలనో, హెడ్డు మలినాన్నో అనుమానించాలి.

3. మొదట తేల్చవలసిన ప్రశ్న: డీవీడీ నిజంగా చెడిందా?

స్టూడియో ఇచ్చిన డీవీడీని కంప్యూటరులో పెట్టి, దువ్వెన గీతలు చూసి, పని చెడిందని నిర్ణయించడం తొందరపాటు. డీవీడీ ప్రమాణం ఇంటర్‌లేస్డ్ బొమ్మను నేరుగా అంగీకరిస్తుంది. పాల్ డీవీడీలో 720×576 బిందువుల బొమ్మను, సెకనుకు 50 ఫీల్డులుగానే దాచవచ్చు. టేపు నుండి తీసిన బొమ్మకు అదే సరియైన రూపం. దానిని తెరకు తగినట్లు విప్పి చూపే బాధ్యత డీవీడీ ప్లేయరుది, టీవీది.

కనుక ముందుగా అదే డిస్కును మామూలు డీవీడీ ప్లేయరులో పెట్టి టీవీలో చూడండి. అక్కడ కదలిక నునుపుగా ఉండి, కంప్యూటరులో మాత్రమే గీతలు కనిపిస్తే డిస్కులో దోషం లేదు. కంప్యూటరులో చూసే సాఫ్ట్‌వేరుకు ఒక మాట చెబితే చాలు. ఉదాహరణకు వీఎల్‌సీ ప్లేయరులో వీడియో అనే మెనూలో డీఇంటర్‌లేస్ అనే చోట ఆన్ ఎంచుకొని, డీఇంటర్‌లేస్ మోడ్‌లో యాడిఫ్ 2ఎక్స్ అనే దానిని ఎంచుకోండి. గీతలు మాయమవుతాయి, ఫైలులో ఏ మార్పూ జరగదు.

టీవీలో కూడా గీతలు నిలిచి ఉంటే, లేదా కదలిక కుదుపులతో ముందుకూ వెనకకూ ఊగుతుంటే, అప్పుడు దోషం మార్పిడిలోనే జరిగిందని భావించవచ్చు.

4. సరియైన మార్పిడి: మెట్టు వెంట మెట్టు

మొదటి మెట్టు, టేపును సిద్ధం చేయడం. ముందుగా కేసెట్టుపై మళ్ళీ రికార్డు పడకుండా చూడాలి. వీహెచ్‌ఎస్ కేసెట్టు అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్కను విరచాలి. మినీడీవీ, వీడియో8, హై8 కేసెట్టులలో జరుపుడు మీటను రక్షణ వైపునకు జరపాలి. చెన్నై, ముంబయి, యానాం వంటి తేమ ప్రాంతాలలో దాచిన టేపులను కిటికీలోంచి పరీక్షించండి. టేపు చుట్టపై తెల్లని బూజు కనిపిస్తే దానిని ఏ యంత్రంలోనూ పెట్టరాదు. బూజు హెడ్డులకు అంటుకొని, తరువాత పెట్టిన మంచి టేపులకు కూడా సోకుతుంది. అటువంటివాటిని శుభ్రపరచడం తెలిసినవారికే అప్పగించాలి.

రెండవ మెట్టు, టేపు రకాన్ని గుర్తించడం. వీహెచ్‌ఎస్, వీహెచ్‌ఎస్-సి, వీడియో8, హై8 అనలాగ్ టేపులు. మినీడీవీ, డిజిటల్8 డిజిటల్ టేపులు. డిజిటల్ టేపులను ఫైర్‌వైర్ తీగతో కంప్యూటరులోనికి దించుకోవాలి. సోనీ పరికరాలపై ఈ తీగ కొలికిని ఐలింక్ అంటారు. ఈ విధంగా దించినప్పుడు టేపుపై ఉన్న అంకెలు ఉన్నవి ఉన్నట్లుగా ఫైలులోకి చేరతాయి. గంట టేపుకు సుమారు 13 జీబీ స్థలం కావాలి. ఇటువంటి టేపును పసుపు, తెలుపు, ఎరుపు తీగల ద్వారా ఎక్కించడం డిజిటల్ బొమ్మను అనలాగ్ చేసి మళ్ళీ డిజిటల్ చేయడమే. అందులో నాణ్యత వృథాగా పోతుంది.

మూడవ మెట్టు, అనలాగ్ టేపును ఎక్కించడం. ఇక్కడ నాలుగు విషయాలు పాటించాలి. ఎస్-వీడియో కొలికి ఉన్న యంత్రమైతే పసుపు తీగకు బదులు దానినే వాడాలి. బొమ్మ కొలత 720×576గా ఉండాలి. 352×288 వంటి చిన్న కొలత ఎంచుకుంటే నిలువు వివరం సగం పోతుంది, కొన్ని పరికరాలు ఒక ఫీల్డును పూర్తిగా పారవేస్తాయి. సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ అని ఉండాలి. డీఇంటర్‌లేస్ అనే గడిలో టిక్కు ఉంటే తీసివేయాలి. బజారులో దొరికే కొన్ని మార్పిడి పెట్టెలు అనలాగ్ బొమ్మను తీసుకొని, తమంతట తామే విప్పి, 720 లేదా 1080 గీతలకు సాగదీసి హెచ్‌డీఎంఐ ద్వారా పంపుతాయి. ఆ విప్పడం హడావిడిగా జరుగుతుంది, తరువాత వెనుకకు తీసుకోవడానికి వీలుండదు. భద్రపరచే ప్రతికి అవి తగవు.

నాలుగవ మెట్టు, ఫీల్డు క్రమాన్ని తేల్చడం. రెండు ఫీల్డులలో ఏది ముందు క్షణానికి చెందినదో సాఫ్ట్‌వేరుకు తెలియాలి. బేసి గీతలు ముందైతే టాప్ ఫీల్డ్ ఫస్ట్ అనీ, సరి గీతలు ముందైతే బాటమ్ ఫీల్డ్ ఫస్ట్ అనీ మెనూలలో ఉంటుంది. డీవీ రకపు ఫైళ్ళలో సరి గీతల ఫీల్డు ముందుంటుంది. పాల్ అనలాగ్ టేపును కార్డు ద్వారా ఎక్కించినప్పుడు సాధారణంగా బేసి గీతలది ముందు. కానీ పరికరాన్ని బట్టి ఇది మారవచ్చు కనుక పరీక్షించి తేల్చుకోవడమే మంచిది.

పరీక్ష ఇలా చేయాలి. ఎవరైనా తెరపై ఒక పక్క నుండి మరొక పక్కకు నడిచే పది సెకన్ల తునకను తీసుకోండి. వర్చువల్‌డబ్ వంటి సాఫ్ట్‌వేరులో బాబ్ డబ్లర్ అనే వడపోతను పెట్టి, ముందుగా టాప్ ఫీల్డ్ ఫస్ట్ ఎంచుకోండి. ప్రతి ఫీల్డూ ఒక్కొక్క పూర్తి బొమ్మగా విడిపోతుంది. ఇప్పుడు ఒక్కొక్క బొమ్మనే ముందుకు జరపండి. మనిషి క్రమంగా ముందుకే సాగితే క్రమం సరియైనది. మూడడుగులు ముందుకు, ఒక అడుగు వెనకకు ఊగుతుంటే క్రమం తలక్రిందులైనది. క్షణాలు 1, 2, 3, 4 అని రావలసిన చోట 2, 1, 4, 3 అని వస్తున్నాయన్న మాట. రెండవ క్రమాన్ని ఎంచుకొని మళ్ళీ చూడండి.

ఐదవ మెట్టు, కూర్పు. అనవసరమైన భాగాలు కత్తిరించడం, శీర్షికలు చేర్చడం హాని చేయవు. బొమ్మ నిలువు కొలతను మార్చడం మాత్రం తీవ్రమైన హాని చేస్తుంది. 576 గీతలను 480కి కుదించినప్పుడు సాఫ్ట్‌వేరు పక్కపక్కనున్న బేసి, సరి గీతలను కలిపి కొత్త గీతలను తయారు చేస్తుంది. రెండు క్షణాలు ఒక్కదానిలో కరిగిపోతాయి. పాలలో నీళ్ళు కలిసిన తరువాత వేరు చేయలేనట్లే ఆ గీతలను మళ్ళీ వేరు చేయలేము. బొమ్మను ఒక్క గీత పైకి లేదా కిందికి జరిపినా బేసి సరి అవుతుంది, సరి బేసి అవుతుంది. ఫీల్డు క్రమం తారుమారవుతుంది. జరపవలసి వస్తే రెండు గీతల చొప్పున, అనగా సరి సంఖ్యలోనే జరపాలి. వీహెచ్‌ఎస్ బొమ్మ అడుగున కనిపించే చెదిరిన పట్టీని కత్తిరించి బొమ్మను సాగదీయడం కంటే, ఆ పట్టీపై నల్లరంగు కప్పడం ఉత్తమం.

ఆరవ మెట్టు, డీవీడీకి మార్చడం. ఎంపెగ్-2 రూపం, 720×576 కొలత, 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ అనే గుర్తు, పరీక్షలో తేలిన ఫీల్డు క్రమం, ఈ ఐదూ సరిచూసుకోవాలి. ఇంటర్‌లేస్డ్ బొమ్మకు పొరపాటున ప్రోగ్రెసివ్ అనే గుర్తు తగిలిస్తే రెండు నష్టాలు కలుగుతాయి. ఒకటి, ప్లేయరు దానిని విప్పవలసిన అవసరం లేదనుకొని గీతలను అలాగే చూపవచ్చు. రెండవది, డీవీడీలో రంగు సమాచారం రెండు గీతలకు ఒకటి చొప్పున ఉంటుంది కనుక, వేర్వేరు క్షణాలకు చెందిన గీతల రంగులు కలిసిపోతాయి. పెళ్ళికూతురి ఎర్రచీర అంచు కదిలినప్పుడు రంగు చారలు కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

డిస్కులో ఎంత నిడివి పెట్టాలన్నది కూడా ఇక్కడే నిర్ణయించాలి. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. గంట నిడివిని సెకనుకు 8 మెగాబిట్లతో మారిస్తే బొమ్మకు 3.6 జీబీ అవుతుంది, ధ్వనికీ చోటు మిగులుతుంది. గంటన్నరకు 6, రెండు గంటలకు 4.5 మెగాబిట్లు సరిపోతాయి. మూడు గంటల పెళ్ళి టేపును ఒకే డిస్కులో ఇరికించాలంటే 3 మెగాబిట్లకు దిగాలి. అప్పుడు కదిలే చోట్ల గడులు గడులుగా చెదురుతుంది. పెనవేసిన బొమ్మకు సాదా బొమ్మ కంటే ఎక్కువ చోటు కావాలి కనుక రెండు డిస్కులు చేయడమే వివేకం.

5. ఫోనులో చూసుకొనేందుకు వేరే ప్రతి

ఈనాడు బంధువులకు పంపేది డిస్కు కాదు, ఫోనులో చూసే ఫైలు. ఫోను తెర ఫీల్డులను ఎరుగదు. కనుక ఈ ప్రతిని మాత్రం డీఇంటర్‌లేస్ చేసి ఇవ్వాలి. డీవీడీకి విప్పరాదు, ఫోనుకు విప్పాలి. ఈ రెండు నియమాలనూ కలిపివేయడమే చాలా చోట్ల జరిగే పొరపాటు.

విప్పే పద్ధతులు పలు రకాలు. ఒక ఫీల్డును పారవేసి రెండవదానిని సాగదీయడం అన్నింటికంటే నాసిరకం, సగం వివరం పోతుంది. రెండు ఫీల్డులను కలిపి మసకబరచడం మరొకటి, దానివల్ల కదిలే చేయికి దెయ్యపు నీడవలె రెండవ చేయి కనిపిస్తుంది. యాడిఫ్, బీడబ్ల్యూడిఫ్ అనే పద్ధతులు కదిలిన చోటును గుర్తించి అక్కడ మాత్రమే కొత్త గీతలను ఊహించి నింపుతాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఈ రెండూ ఉన్నాయి. క్యూటీజీఎంసీ అనేది చాలా నెమ్మదిగా పనిచేస్తుంది కాని ఫలితం ఇంకా మేలుగా ఉంటుంది.

ఏ పద్ధతి వాడినా సెకనుకు 25 బొమ్మలుగా కాక, ప్రతి ఫీల్డుకు ఒక బొమ్మ చొప్పున 50 బొమ్మలుగా చేయమని అడగండి. అసలు టేపులోని నునుపైన కదలిక అప్పుడే నిలుస్తుంది. బొమ్మ కొలతను విప్పిన తరువాతనే మార్చాలి, ముందు కాదు. పాత 4:3 బొమ్మను 768×576గా ఉంచితే ముఖాలు సాగవు, నలగవు. వాట్సాప్‌లో పంపిన ప్రతి మరింత కుదించబడుతుంది. దానిని భద్రపరచే ప్రతిగా ఎన్నడూ భావించరాదు.

6. ఇప్పటికే చెడిన డిస్కు చేతిలో ఉంటే

ఫీల్డు క్రమపు గుర్తు మాత్రమే తప్పుగా ఉంటే బొమ్మ సురక్షితంగానే ఉన్నది. సరియైన గుర్తుతో మళ్ళీ డిస్కు చేయిస్తే కుదుపు పోతుంది.

బేసి, సరి గీతలు తమలో తాము స్థానాలు మార్చుకొని ఉంటే, వర్చువల్‌డబ్‌లోని ఫీల్డ్ స్వాప్ వడపోతతో వాటిని తిరిగి యథాస్థానానికి చేర్చవచ్చు.

ప్రోగ్రెసివ్ గుర్తుతో గీతలు నిలిచిపోయి, నిలువు కొలత మాత్రం 576గానే ఉంటే, దానిని ఇంటర్‌లేస్డ్‌గా పరిగణించి విప్పవచ్చు. రంగు చారలు కొంత మిగిలిపోతాయి.

నిలువు కొలత మార్చిన తరువాత చేసిన డిస్కు, ఫీల్డులను కలిపి మసకబరచిన డిస్కు, ఈ రెండింటికీ సంతృప్తికరమైన చికిత్స లేదు. ఎవరైనా బాగుచేస్తామన్నా అది గీతలను మరింత మసకబరచడమే అవుతుంది. మళ్ళీ టేపు నుండే ఎక్కించాలి. అందుకే డీవీడీ వచ్చిన రోజునే టేపును పారవేయరాదు. ఈ పాఠంలో మరచిపోకూడని మాట ఒక్కటే ఉన్నదనుకుంటే, అది ఇదే.

7. విదేశాల నుండి వచ్చిన టేపులు

అమెరికాలో స్థిరపడిన బంధువులు పంపిన టేపులు సాధారణంగా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంటాయి. వాటిని ఆ పద్ధతిని ఆడించగల యంత్రంలో పెట్టి, 720×480 కొలతతో, 29.97 ఫ్రేములతోనే ఎక్కించి, ఎన్‌టీఎస్‌సీ డీవీడీగానే చేయించండి. మన దేశంలో అమ్మే డీవీడీ ప్లేయర్లలో ఎక్కువ భాగం రెండు పద్ధతులనూ ఆడిస్తాయి. వాటిని బలవంతంగా 576 గీతలకు, 25 ఫ్రేములకు మారిస్తే గీతలూ కుదుపులూ కలిసి వస్తాయి. ఇంట్లో చేసుకున్న డిస్కుకు ప్రాంతీయ సంకేతపు అడ్డంకి ఉండదు.

8. స్టూడియోవారిని అడగవలసిన ప్రశ్నలు

పని అప్పగించే ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. పూర్తి కొలతలో, ఇంటర్‌లేస్డ్‌గానే ఎక్కిస్తారా? డీవీ టేపు అయితే ఫైర్‌వైర్ వాడతారా? ఒక డిస్కులో ఎన్ని గంటలు పెడతారు? డిస్కుతో పాటు మొదట ఎక్కించిన ఫైలును కూడా హార్డుడిస్కులో ఇస్తారా? టేపును తిరిగి ఇస్తారా? జవాబులు రసీదుపై రాయించుకోండి. మొత్తం టేపులు ఒకేసారి ఇవ్వక, ముందు ఒక్క టేపు చేయించి, కదలిక ఎక్కువగా ఉన్న ఘట్టాన్ని టీవీలో పరీక్షించి, తృప్తి కలిగిన తరువాతనే మిగిలినవి ఇవ్వండి.

మొదటి ఫైలును అడగడం మరువకండి. కాల్చిన డీవీడీలకు కూడా ఆయుష్షు పరిమితమే. ఫైలు ఉంటే రేపు మరింత మంచి పద్ధతితో విప్పుకోవచ్చు. రెండు ప్రతులు రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచడం మేలు. డిస్కు పెట్టెలో ఒక కాగితంపై తెలుగులో, వీలైతే పిల్లలకు తెలిసిన స్థానిక భాషలో కూడా, సందర్భం, ఊరు, సంవత్సరం, కనిపించే పెద్దల పేర్లు, వరుసలు రాసి పెట్టండి. బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా, అందులో ఉన్నది ఎవరో చెప్పగలిగే పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

పనికిరాని వీసీఆర్, కామ్‌కార్డరు, తీగలు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు. వాటిని మామూలు చెత్తలో వేయక, ఈ-వ్యర్థాలను సేకరించేవారికి ఇవ్వడం మంచిది. కేసెట్టులను చెత్తతో కలిపి కాల్చరాదు, వాటి ప్లాస్టిక్ పొగ ఆరోగ్యానికి హానికరం.

అభ్యాసం

ప్రశ్న 1: డీవీడీ టీవీలో నునుపుగా ఉన్నది, కంప్యూటరులో గీతలు ఉన్నాయి. ఏమి చేయాలి?
జవాబు: డిస్కును మార్చనవసరం లేదు. కంప్యూటరు ప్లేయరులో డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి.

ప్రశ్న 2: గీతలు లేవు కాని నడిచే మనిషి ముందుకూ వెనకకూ ఊగుతున్నాడు. కారణం?
జవాబు: ఫీల్డు క్రమం తలక్రిందులైంది. దానిని మార్చి మళ్ళీ డిస్కు చేయాలి.

ప్రశ్న 3: కదలని ద్వారబంధం కూడా అలలవలె వణుకుతున్నది. డీఇంటర్‌లేస్ చేస్తే పోతుందా?
జవాబు: పోదు. అది టేపు సంకేతపు కాల దోషం. టైమ్ బేస్ కరెక్టరుతో మళ్ళీ ఎక్కించాలి.

ప్రశ్న 4: ఫోనుకు పంపేందుకు బొమ్మను చిన్నది చేయాలి. విప్పడం ముందా, కుదించడం ముందా?
జవాబు: విప్పడమే ముందు. కుదించిన తరువాత విప్పడానికి ఫీల్డులు మిగలవు.

ప్రశ్న 5: డిస్కు చేతికి వచ్చింది. టేపును ఎప్పుడు వదులుకోవచ్చు?
జవాబు: డిస్కును మొదటి నుండి చివరి వరకు టీవీలో చూసి, మొదటి ఫైలును రెండు చోట్ల భద్రపరచిన తరువాతనే. స్థలముంటే అప్పటికీ వదులుకోకపోవడమే మంచిది.